దూలం కింద మూడో గీత

నేను దయ్యాల్ని నమ్మను. దీనికి పెద్ద సిద్ధాంతమేమీ లేదు. దయ్యాలకి ఇంటి పన్ను నంబరు ఉండదు, ప్లాను ఆమోదం ఉండదు, చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలంతో పని లేదు. మా శాఖకి సంబంధించినంతవరకూ అవి లేనట్టే. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ ఎన్నో పాడుబడ్డ ఇళ్ళు ఎక్కి దిగాను. వాటిలో నన్ను భయపెట్టినవి మూడే: పాములు, వేలాడే కరెంటు తీగలు, ఇంటి ఓనర్లు.

అలాంటిదాన్ని ఇది రాస్తున్నాను. నమ్మమని ఎవరినీ అడగడం లేదు. నా దగ్గర ఫోటోలున్నాయి, వాటి మీద తేదీలున్నాయి. ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

గోదావరి గట్టు పక్కనున్న ఒక మున్సిపాలిటీలో నేను వార్డు ప్లానింగ్ సెక్రటరీని. ఊరి పేరు చెప్పను. రైలు వంతెన మీదికి వస్తే మా ఆఫీసులో టీ గ్లాసులు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, అంత దగ్గర. ప్లాను లేకుండా ఎవరు మేడ లేపుతున్నారు, ఎవరు మెట్లు తెచ్చి మురుగు కాలువ మీద దించారు, ఏ కొట్టు రేకులు రోడ్డు మీదికి ఎంత వచ్చాయి అన్నది చూసి నోటీసులివ్వడం నా పని. తీసుకోకపోతే తలుపుకి అతికించి ఫోటో తీస్తాను. వార్డులో అందరూ నన్ను పెళ్ళిళ్ళకి పిలుస్తారు. ఇంటికి మాత్రం రమ్మనరు.

ఏటా మే నెలలో, వానలు మొదలయ్యే లోపు, ఇంకో పని ఉంటుంది. పడిపోయేలా ఉన్న పాత ఇళ్ళని చూసి, ఏది నిలబడుతుందో ఏది నిలబడదో జాబితా రాయాలి. నిలబడనివాటిని ఖాళీ చేయించాలి.

ఈ పని నాకు నేర్పింది సూరిబాబు గారు. మా విభాగంలో చైన్‌మన్. అంటే కొలతల టేపు ఒక చివర పట్టుకుని నడిచే ఉద్యోగి. రెండో చివర పట్టుకునేవాళ్ళు బదిలీలయి వెళ్ళిపోతుండేవారు. ఆయన చివర మాత్రం ముప్ఫయ్యేళ్ళు కదల్లేదు. నేను బీటెక్ చదివొచ్చానని గౌరవంగా "అమ్మాయిగారండీ" అనేవారు. ఆ గౌరవం తగ్గకుండానే నా తప్పులన్నీ దిద్దేవారు.

ఆయనది పుర్రచేయి, ఎడమ చేత్తోనే రాసేవారు. చెవి మీద ఎప్పుడూ పెన్సిలు ఉండేది. గోడకి బీట కనిపిస్తే అడ్డంగా బొటనవేలంత గీత గీసి, పక్కన తేదీ వేసేవారు. ఇది మేమందరం చేసేదే. ఈ రోజుకి బీట కొస ఇక్కడుంది అని గుర్తు. మళ్ళీ వచ్చినప్పుడు బీట ఆ గీత దాటి ఉంటే గోడ కదులుతున్నట్టు, దాటకపోతే నిలకడగా ఉన్నట్టు. మేం ఎడమ నుంచి కుడికి గీస్తాం. ఆయన కుడి నుంచి ఎడమకి లాగి, పెన్సిలు ఎత్తే ముందు ఎడమ కొసన చిన్న కొక్కెం వదిలేవారు. వంద గీతల్లో ఉన్నా ఆయన గీత తెలిసిపోయేది.

తేదీ, నెల మాత్రమే రాసేవారు. సంవత్సరం కూడా రాయండి సూరిబాబు గారూ అంటే, "ఇది ఏ సంవత్సరమో గోడకి తెలుసండి" అనేవారు.

రిటైరై ఎనిమిది నెలలు తిరక్కుండానే ఆయన పోయారు. కార్తీకమాసం. నేను వెళ్ళాను. చెవి మీద పెన్సిలు లేకుండా ఆయన్ని చూడటం అదే మొదలు.

నేను చెప్పబోయేది ఆ తర్వాత ఏడాదిన్నరకి జరిగింది.

మా వార్డులో ఒక సందు చివర పాత పెంకుటిల్లు ఉండేది. దాని ముందు గదుల్లో వరలక్ష్మి అనే ఆవిడ అద్దెకుండేది. రెండు కుట్టు మిషన్లు, పదో తరగతికొచ్చిన కూతురు. భర్త పోయి చాలా కాలమైంది. ఆ ఇంట్లో పద్నాలుగేళ్ళుగా ఉంటోంది. సందులో ఆడవాళ్ళందరి కొలతలూ ఆవిడ నోటు పుస్తకంలో ఉండేవి, ఎవరెంత లావయ్యారో సంవత్సరాలవారీగా సహా. సందు దాటి వెళ్తే ఆ పుస్తకానికి విలువ లేదు.

ఇంటి ఓనరు భీమవరం వైపు రొయ్యల చెరువులున్న ఒక రాజుగారు. రెండేళ్ళ క్రితం కొన్నారు. పాతది తీసేసి కొత్తది కట్టాలని ఆయన ఉద్దేశం. అద్దెకున్న మనిషిని కోర్టు ద్వారా కదిలించాలంటే ఏళ్ళు పడుతుంది. 'ఈ ఇల్లు పడిపోయేలా ఉంది' అని మేం ఒక కాగితం ఇస్తే వారం చాలు. ఈ సంగతి ఓనర్లకి తెలుసు. అద్దెకున్నవాళ్ళకి ఇంకా బాగా తెలుసు.

అందుకే ఆ మే చివర్లో నేను టేపు పట్టుకుని గుమ్మంలో నిలబడగానే వరలక్ష్మి మిషను ఆపలేదు.

"రాజుగారు పంపించారాండి?"

"గవర్నమెంటు పంపించిందండి."

"ఏదో ఒకటి లెండి. మంచినీళ్ళు తాగుతారా?"

జూన్‌లో బడులు తెరుస్తారు. గది నిండా యూనిఫారాలు. నీలం గుడ్డ మీదుగా అడుగులేసుకుంటూ వీధి వైపు గోడ దగ్గరికి వెళ్ళాను. కిటికీ పై మూలలో పుట్టిన బీట ఒకటి ఏటవాలుగా పైకి పాకింది. కిటికీకీ పైనున్న దూలానికీ మధ్య సగం దూరంలో ఆగింది. ఆ దూలం కొస ఆ గోడ మీదే కూర్చుంది. పెంకుల బరువంతా దూలం మీదే.

బీట ఆగిన చోటికి పైన, తెల్లటి గోడ మీద మూడు పెన్సిలు గీతలున్నాయి. ఒకదాని మీద ఒకటి, మెట్లలాగా. ఎడమ కొసన కొక్కేలు. మొదటి దాని పక్కన 2/6, రెండో దాని పక్కన 9/6. మూడోది దూలానికి సరిగ్గా కింద. 17/6.

సూరిబాబు గారి చేతి గీతలు. ఆఫీసులో ఆయన కుర్చీ కూడా మార్చేశారు, ఇక్కడ మాత్రం మూడు గీతలు మిగిలాయి అనుకున్నాను.

తర్వాత నా బుర్ర బీటెక్ పద్ధతిలో పనిచేసింది. మాది నల్లరేగడి నేల. ఎండకి ముడుచుకుని గోడల్ని లాగుతుంది, వానకి ఉబ్బి మళ్ళీ మూస్తుంది. ఆయన ఉండగా ఏదో జూన్‌లో బీట దూలం దాకా వెళ్ళింది, వారం వారం గుర్తులు పెట్టుకున్నారు. ఇప్పుడది సగానికి మూసుకుంది. అంటే నేల సర్దుకుంది, గోడ కుదురుకుంది. నాలుగు ఫోటోలు తీశాను. మా ఆఫీసు యాప్‌లో ఫోటో తీస్తే దాని మీద తేదీ, టైము, ఏ చోట తీశామో అన్నీ వాటంతటవే పడతాయి. రిపోర్టులో ఇలా రాశాను: "బీట ఉన్నది. పెరుగుదల లేదు. నివాసానికి అభ్యంతరం లేదు."

ఆ రోజు సంతోషంగానే ఇంటికి వెళ్ళాను. వరలక్ష్మిని ఖాళీ చేయించాల్సి వస్తుందేమోనని దారిలోనే బాధపడుతూ వెళ్ళినదాన్ని. నాక్కావలసిన జవాబు గోడే ఇచ్చింది. అలాంటప్పుడు ఎవరమూ రెండో ప్రశ్న అడగం.

వరలక్ష్మి ఆ రిపోర్టు కాపీ అడిగి తీసుకుంది. రెండ్రోజుల తర్వాత అటు వెళ్తే, లామినేషన్ చేయించి కిటికీ పక్కన మేకుకి తగిలించి ఉంది. ఒక వైపు వెంకటేశ్వరస్వామి క్యాలెండరు, ఒక వైపు నా సంతకం. అంత మర్యాద నా సంతకానికి అంతకు ముందెప్పుడూ దక్కలేదు.

తర్వాతి సోమవారం రాజుగారు మున్సిపల్ ఆఫీసులో అర్జీ ఇచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను. ఆయన గొంతు పెంచే రకం కాదు.

"మేడంగారు చాలా మంచివారండి, నేను కాదనట్లేదు," అన్నారు టౌన్ ప్లానింగ్ ఆఫీసరు గారితో. "ఆ సంగతి గోడకి తెలియదు కదండి."

మళ్ళీ వెళ్ళి చూడమన్నారు. నాకు కుదిరింది తొమ్మిదో తేదీన. కావాలని ఎంచుకున్నది కాదు. ఎనిమిదిన ఎప్పుడూ లేనిది సర్వరు పనిచేసింది, అందుకని ఆ రోజు ఆఫీసులోనే ఉండాల్సి వచ్చింది.

తొమ్మిదో తేదీ ఉదయం పదకొండింటికి ఆ గోడ ముందు నిలబడితే, బీట మొదటి గీతని దాటేసింది. రెండో గీత దగ్గర ఆగింది. దగ్గర అంటే సుమారుగా కాదు. బీట కొస సరిగ్గా గీతని తాకింది, స్కేలు పెట్టి ఆపినట్టు.

ఫోన్లో పాత ఫోటోలు తీసి పక్కన పెట్టి చూశాను. పన్నెండు రోజుల్లో మూరెడు పాకింది. రెండో గీత పక్కన 9/6. ఫోను మీద తేదీ కూడా అదే.

వరలక్ష్మి మిషను ఆపి వచ్చి నా వెనకాల నిలబడింది.

"మీ లెక్క సరిపోయిందాండి?" అంది.

"నా లెక్కేంటి?"

"అదేనండి, ఎప్పటికి ఎక్కడికొస్తుందో గీశారు కదా. మీరే గీశారనుకున్నాను. సూరిబాబు గారి దగ్గర నేర్చుకున్నట్టున్నారే అనుకున్నానండి."

అర్థం కాలేదన్నాను. అప్పుడు చెప్పింది. అయిదారేళ్ళ క్రితం ఇదే ఇంట్లో వంటింటి గోడ బీటలిచ్చింది. సూరిబాబు గారు వచ్చి, బీట ఉన్న చోట కాకుండా దానికి జానెడు ముందు గీత గీసి, వచ్చే నెల తేదీ వేశారు. సరిగ్గా ఆ తేదీన సైకిలేసుకుని మళ్ళీ వచ్చారు. బీట గీత దగ్గరికి వచ్చి ఉంది. పక్కన టిక్కు పెట్టి, అప్పటి ఓనర్ని పిలిపించి, ఆ వారంలోనే గోడకి ఆనుగోడ కట్టించారు.

"బీట ఎక్కడుందో చూసుకుంటూ కూర్చుంటే ఎప్పటికీ దాని వెనకాలే ఉంటామమ్మా, అన్నారండి. ఆయన ముందే వెళ్ళి కూర్చునేవారు. మీకు చెప్పలేదాండి?"

చెప్పలేదు. నేనడగలేదు. రెండేళ్ళు ఆయన పక్కన నిలబడి, ఆయన గోడ మీద ఏ తేదీ రాస్తున్నారో నేనెప్పుడూ చదవలేదు. ఆ రోజు తేదీ నాకు తెలుసు కదా, ఇంక చదవడం ఎందుకని.

సరే, ఆయన ముందుగానే గీసేవారు. అయినా కంగారు పడనక్కర్లేదు అని నాకు నేను చెప్పుకున్నాను. బతికుండగా ఎప్పుడో గీసి ఉంటారు. ఆ ఏడాది బీట రాలేదు, ఈ ఏడాది వచ్చింది. తేదీ కలవడం యాదృచ్ఛికం. అదే మాట వరలక్ష్మితో అన్నాను.

"ఉగాదికి వెల్ల వేశాను కదండీ ఈ గోడకి," అంది ఆవిడ మామూలుగా. "నేనూ మా అమ్మాయీ వేశాం. అప్పటికి ఈ గీతల్లేవు."

పాత గీతలు వెల్లలోంచి తేలి కనిపిస్తున్నాయేమోనని మొదటి గీత కొక్కెం మీద వేలితో రాశాను. వేలికి పెన్సిలు నలుపు అంటుకుంది. గీత వెల్ల కింద లేదు. వెల్ల మీద ఉంది.

ఆ మధ్యాహ్నమే ఆఫీసరు గారి దగ్గరికి వెళ్ళి రిపోర్టు మార్చాలన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. ఫైలు చదివే అలవాటున్న మనిషి.

"పెరుగుదల లేదని పన్నెండు రోజుల క్రితం రాశారు. ఇప్పుడు పడిపోతుందంటున్నారు. ఏం మారిందమ్మా?"

"బీట మారిందండి."

"రాజుగారు అర్జీ పెట్టాక మారింది. జనం ఏమనుకుంటారు? ఇంజనీరు గారితో కలిసి తనిఖీ చేసి మార్చండి. ఆయన రెండు ఊళ్ళు చూస్తున్నారు, పద్దెనిమిదిన వస్తారు."

"పదహారున రాలేరాండి?"

"పదహారే ఎందుకు?"

పదిహేడున గోడ పడుతుందని మా చైన్‌మన్ రాసి పెట్టారనీ, ఆ చైన్‌మన్ పోయి ఏడాదిన్నర అయిందనీ నోట్ ఫైల్లో ఎలా రాయాలో మాకు ట్రైనింగులో చెప్పలేదు. ఊరికే అన్నానండి అని వచ్చేశాను.

ఆ వారమంతా వరలక్ష్మి చుట్టూ తిరిగాను. దూలం కింద సరుగుడు కర్రలు ఆనించి పెడదామన్నాను. ఒప్పుకోలేదు.

"కర్రలు చూస్తే ఆ ఇంజనీరు గారు లోపలికి కూడా రారండి. బయట నుంచే పడగొట్టమని రాసేస్తారు."

"పోనీ నాలుగు రోజులు మీ చెల్లెలింటికి వెళ్ళండి."

"ఒకసారి సామాను బయట పెడితే మళ్ళీ లోపలికి రానిస్తారాండి ఎవరైనా? అభ్యంతరం లేదని మీరే రాశారు. సంతకం మీదే కదండీ?" అని గోడకున్న కాగితం చూపించింది.

నాదే. చివరికి గోడ మీది గీతలే చూపించాను. రెండు గీతలు నిజమయ్యాయి, మూడోది మాత్రం తప్పుతుందని మీరు అనుకుంటే ఉండండి అన్నాను. ఆవిడ చేతిలో ఉన్న కత్తెర కింద పెట్టింది.

"ఆయన చెప్తే వెళ్తానండి," అంది.

పదహారో తేదీ సాయంత్రం మిషన్లు, యూనిఫారాల మూటలు రిక్షాలో చెల్లెలింటి వరండాలోకి చేరాయి. తాళం, తాళంచెవి ఆవిడవే. ఇల్లు ఖాళీ చేసినట్టు కాదు అని నేను తెల్ల కాగితం మీద రాసిచ్చాను. ఆ కాగితం ఇచ్చే అధికారం నాకు లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

పదిహేడో తేదీన పొద్దున్నే వెళ్ళి సందులో నిలబడ్డాను. వాన లేదు. గాలి లేదు. ఎదురింటి వాళ్ళు రెండుసార్లు కాఫీ ఇచ్చి, ఎవరికి నోటీసివ్వడానికి వచ్చానో తెలుసుకోవాలని చూశారు. పన్నెండున్నరకి వరలక్ష్మి దగ్గర తాళంచెవి తెచ్చుకుని, తలుపు తీసి, గుమ్మంలోంచే ఫోటో తీశాను. బీట మూడో గీతకి ఇంకా రెండు వేళ్ళ దూరంలో ఉంది. తాళం వేసి, చెవి తిరిగి ఇచ్చేశాను.

రెండున్నర దాకా చూశాను. గోడ కదల్లేదు. చదువుకున్నదాన్ని, పెన్సిలు గీతలు నమ్మి ఒక కుటుంబాన్ని వరండా పాలు చేశాను అనిపించింది. మూడింటికి వీడియో మీటింగు ఉంది, రాకపోతే మెమో ఇస్తారు. వెళ్ళాను. ఆ రోజు మీటింగు విషయం శిథిల భవనాలే.

మూడూ ఇరవైకి ఫోను మోగింది. గోడ పడింది. లోపల వరలక్ష్మి ఉంది.

తర్వాత తెలిసింది. మర్నాడు ఇంజనీరు వస్తారు కదా, ఆయనకి చూపించడానికి నా రిపోర్టు కాగితం తెచ్చుకుందామని వెళ్ళింది. సామానంతా తీసుకెళ్ళి అదొక్కటే మేకుకి మర్చిపోయింది. పెరుగుదల లేదు అని నేను రాసిన కాగితం కోసం ఆ గోడ దగ్గరికి వెళ్ళింది.

ప్రాణం దక్కింది. దూలం కొస కుడి పాదం మీద పడింది. రాజమండ్రి తీసుకెళ్ళారు. పాదం ముందు భాగం తీసేశారు. ఆసుపత్రి బయట రాజుగారు రాత్రి దాకా నిలబడ్డారు. నన్ను చూసి, "నా మాట నిజమవ్వాలని నేను అనుకోలేదండి," అన్నారు. నమ్మాను. నేనైతే సందులో నిలబడ్డంతసేపూ నా మాటే నిజమవ్వాలనుకున్నాను.

ఆసుపత్రికి వెళ్ళే ముందు, శిథిలాలు తీస్తున్న చోట ఒక పని చేశాను. అరచేతికన్నా కాస్త పెద్ద గార పెచ్చు ఒకటి తెల్ల వైపు పైకుండేలా పడి ఉంది. చేతిలోకి తీసుకున్నాను. 17/6. గీత, ఎడమ కొసన కొక్కెం. బీట గీతని సరిగ్గా తాకింది.

పక్కన టిక్కు ఉంది.

మామూలుగా టిక్కుకి పొడుగు కాలు కుడి వైపుకి లేస్తుంది. ఇది ఎడమ వైపుకి లేచింది. పుర్రచేతి వాళ్ళు పెట్టే టిక్కు. సూరిబాబు గారు మా కొలతల పుస్తకాల నిండా పెట్టినవి అవే.

పన్నెండున్నరకి నేను తీసిన ఫోటో పెద్దది చేసి చూశాను. ఇప్పటికీ చూస్తుంటాను. గీత ఉంది, తేదీ ఉంది. టిక్కు లేదు. ఆ తర్వాత ఆ తలుపు ఒక్కసారే తెరుచుకుంది, తెరిచింది వరలక్ష్మి. ఆవిడ కత్తెర పట్టేదీ సుద్దతో గుర్తులు పెట్టేదీ కుడి చేత్తో.

నాలుగు రోజుల తర్వాత ఆవిడ కాస్త కూర్చోగలిగినప్పుడు అడిగాను. టిక్కు సంగతి చెప్పలేదు. లోపలికి వెళ్ళాక ఏం జరిగిందని మాత్రమే అడిగాను. ఆవిడ నా వైపు కొంచెం వింతగా చూసింది.

"మీకు తెలుసు కదండీ," అంది. "మీరక్కడే ఉన్నారు కదా."

"నేను మీటింగులో ఉన్నానండి."

"తాళం తీసేసరికి ఎవరో గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నారండి. ఎండలోంచి వెళ్ళానేమో, మొహం కనబడలేదు. చెయ్యి మాత్రం పైకెత్తి ఉంది. మీరేననుకున్నాను. రావద్దన్న చోటికి వచ్చానని తిడతారేమోనని గుమ్మంలోనే ఆగిపోయాను. ఒక కాలు లోపల పెట్టి ఆగానండి. లేకపోతే ఈపాటికి ఆ మేకు దగ్గరుండేదాన్ని."

ఏ చెయ్యి పైకెత్తి ఉందో అడుగుదామనుకున్నాను. అడగలేకపోయాను.

వెలుగులోంచి చీకట్లోకి వెళ్ళిన మనిషికి ఏవో కనిపిస్తాయి. రైళ్ళ అదురుకి గోడలు కదులుతాయి. టిక్కులాంటి గీత పెచ్చు ఊడి పడేటప్పుడు ఏ ఇటుకో గీరుకుని ఏర్పడొచ్చు. ఇవన్నీ నేను అనుకోనివి కావు. గీరుకుంటే గాడి పడుతుంది. దీని మీద వేలు పెట్టి రాస్తే నలుపు అంటుకుంటుంది. ఒక్కసారే రాసి చూశాను. మళ్ళీ రాస్తే చెరిగిపోతుందని భయం.

వరలక్ష్మి ఇప్పుడు చెల్లెలింటి వరండాలోనే కుడుతోంది. ఎడమ కాలితో మిషను తొక్కడం నేర్చుకుంటోంది. నా జాకెట్లు అక్కడే కుట్టిస్తాను. కొలతలు తీసేటప్పుడు ఇద్దరం ఆ సంగతి మాట్లాడుకోం. స్థలంలో రాజుగారు ఇంకా పని మొదలెట్టలేదు. ప్లాను కోసం అర్జీ కూడా పెట్టలేదు.

పద్దెనిమిదో తేదీన ఇంజనీరు గారు చెప్పిన టైముకే వచ్చారు. ఇటుకల కుప్ప ముందు నిలబడి ఉమ్మడి తనిఖీ పూర్తి చేశాం. బీట పెరుగుదల అన్న చోట ఏం రాయమంటారని అడిగితే, "గోడ లేదు కాబట్టి వర్తించదు అని రాయండి," అన్నారు. రాశాను.

ఆ ఫారంలో ఇంకో గడి ఉంది. గోడ పడిన రోజున, పడక ముందు చివరిసారి తనిఖీ చేసిన ఉద్యోగి పేరు. అక్కడ నా పేరు, పన్నెండున్నర టైము రాసి సంతకం చేశాను. గార పెచ్చు నా బీరువాలో, చీర మడతల మధ్య ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఆ గడిలో నేను రాసిన పేరు తప్పని తెలుస్తూనే ఉంటుంది. సరైన పేరు రాసి ఉంటే ఆ ఫైలు మా ఆఫీసు దాటి వెళ్ళేది కాదు.